నలుగురు వాలంటీర్లు, ఒకే సూతకం

ఆ పుండును నేను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా దాని పొడవు, వెడల్పు, అంచుల రంగు, వారం వారం అందులో వచ్చిన మార్పు నాకు తెలుసు. మంచాన పడి ఉన్న ఒక పెద్దామెకు నడుము కింద, వెన్నెముక ముగిసే చోట అది ఏర్పడింది. మగవాణ్ణి గనక, ఆమెకు దుప్పటి కప్పాకే నేను ఆ గదిలోకి వెళ్లేవాణ్ణి. పుండు ఎంతవరకు మానిందో నాకు తెలియడానికి మా వాలంటీర్లు దాని మీద శుభ్రమైన పలుచటి ప్లాస్టిక్ కాగితం ఆనించి, అంచు వెంబడి పెన్నుతో గీత గీసి తెచ్చేవారు. దాన్ని గళ్ల కాగితం మీద పరచి, గీత లోపల పడిన గళ్లను చూసేవాణ్ణి. ఎండాకాలంలో ఆ గీత నా అరచేతిని నింపేది. వేరుశనగ విత్తే వానలు పడేనాటికి రూపాయి బిళ్ల పెడితే కప్పేసేంతకు కుంచించుకుపోయింది. ఇలాగే ఇంకొంత కాలం సాగితే మూసుకుపోతుందని నర్సు చెప్పింది. పక్షవాతం వచ్చిన మనిషికి అంత పెద్ద పుండు ఇంట్లోనే మానడం ఆమె కూడా అరుదుగానే చూసిందట.

నేను ఉద్యోగకాలమంతా ఒక కర్మాగారంలో నీటి పంపుల నిర్వహణ చూశాను. పంపు ఒకటి ఆగితే రెండోది తనంతట తాను అందుకోవాలి; రెండూ ఒకే కరెంటు తీగ మీద ఆధారపడకూడదు; ఒకే తొట్టిలోంచి నీళ్లు తీయకూడదు. ఈ సూత్రం నాకు ఒంటికి పట్టిన అలవాటు. ఉద్యోగం ముగిశాక చింతామణిలో స్థిరపడి, బాగేపల్లిలోని ఒక చిన్న సేవా సంస్థలో చేరాను. మంచాన పడ్డవారి ఇళ్లకు వెళ్లి కట్లు కట్టడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం సంస్థ పని. మాకు ఉన్నది బస్టాండు వెనక ఒక అద్దె గది, చిక్కబళ్లాపురం నుంచి వారానికోసారి వచ్చే నర్సు, మిగిలిందంతా వాలంటీర్లు. వాళ్లను వెతకడం, నేర్పించడం, పని పంచడం, వాళ్ల కష్టం వినడం నా వంతు. కర్మాగారంలో నేను పని చెప్పేవాణ్ణి. ఇక్కడ అడగాలి. వాళ్లు రాలేమంటే నా చేతిలో తిప్పడానికి ఏ మరా లేదు.

ఆ పెద్దామె ఇల్లు చాకవేలు దగ్గరి ఒక ఊళ్లో. ఆ ఊళ్లోనే నలుగురు ఆడవాళ్లను ఎంపిక చేశాను. ఎంపికలో చాలా జాగ్రత్త పడ్డాను. ఒకామె కుట్టుపని చేస్తుంది, ఇంకొకామెకు పొలం ఉంది, మూడో ఆమె అంగన్‌వాడీలో వంట చేస్తుంది, నాలుగో ఆమె పాడి ఆవులు పెంచుతుంది. నలుగురూ నాలుగు వీధులవారు. విత్తనాల రోజులు వస్తే పొలం ఆమె రాకపోవచ్చు గానీ కుట్టుపని ఆమె వస్తుంది. పాలు పోసే వేళ ఒకరికి అడ్డమైతే మరొకరికి కాదు. నెలలో కొన్ని రోజులు ఆడవాళ్లు పరాయి ఇళ్లలో అడుగుపెట్టరని మొదటి నెలలోనే తెలిసింది. దాన్ని వాళ్లే తమలో తాము సర్దుకున్నారు, నాదాకా రానివ్వలేదు. ఎవరు లేకపోయినా పొద్దున ఇద్దరు, మధ్యాహ్నం ఇద్దరు ఆ ఇంటికి వెళ్లడం ఒక్కపూట కూడా తప్పలేదు.

పెద్దామెది గాజుల వ్యాపారం చేసిన కుటుంబం. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ చుట్టుపక్కల ఊళ్లకు గాజులు మోసుకెళ్లి అమ్మింది. ఈ నలుగురికీ పెళ్లిగాజులు తొడిగింది ఆమే. కట్టు కట్టేటప్పుడు ఆమెను గోడవైపు తిప్పి పడుకోబెడతారు కాబట్టి వెనక ఎవరున్నారో కనబడదు. అయినా చెయ్యి తగలగానే చెప్పేసేది.

"ఎవురు, కుట్టుమిషను దానివా?"

"మొగం గోడతట్టు పెట్టుకోని ఎట్ల కనుక్కుంటావు అవ్వా?"

"నీది గట్టి చెయ్యి. పెండ్లిలోనే నా గాజులు రెండు చిట్లించినావు. వాటికి దుడ్లు కూడా ఇయ్యలేదు మీ నాయన."

"ఇప్పుడు కట్లు కడతాండాము కదా, దాంట్లో పట్టుకో."

వసారాలో కూర్చుని నేను ఈ మాటలు వింటూ ఉండేవాణ్ణి. లోపలి పని సజావుగా జరుగుతోందనడానికి నాకు అందిన ఆధారం ఆ నవ్వులే.

ఒక సాయంత్రం మా వాలంటీర్ల వాట్సాప్ గుంపులో కుట్టుపని ఆమె ఒక ఫోటో పెట్టింది. దండ వేసిన ముసలాయన ఫోటో. కింద కన్నడంలో ఓం శాంతి అని ఉంది. ఆయన బెంగళూరులో ఉండేవాడట, బాగా పెద్ద వయసు. మిగతా ముగ్గురూ చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. నేనూ అదే బొమ్మ పెట్టి, నా పనిలో పడ్డాను. మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది.

"సార్, తిథి అయ్యేదాకా నాకు వచ్చేకి కాదు. సూతకం ఉండాది."

"అయ్యో, అలాగేనమ్మా. మిగతా ముగ్గురూ చూసుకుంటారు."



"సార్, వాండ్లకీ ఉండాది. మేం నలుగురమూ ఒగే వంశంలోకి వచ్చిన కోడండ్లము కదా. ఆయప్ప మా అందరికీ దాయాదే."

సూతకం నాకు తెలియనిది కాదు. వంశంలో ఎవరు పోయినా దాయాదులందరూ పదకొండో రోజు తిథి జరిగేదాకా పరాయి వంశంవారి ఇల్లు తొక్కరు, వారి వస్తువు ముట్టరు. మా ఇంట్లోనూ పాటించాం. కానీ ఈ నలుగురూ ఒకే వంశమని నాకు ఎక్కడా కనబడలేదు. మా వైపు, ఈ కన్నడ రాష్ట్రంలో, కాగితాల్లో ఇంటిపేరు ఉండదు. ఊరి పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు పొడి అక్షరాలుగా మారి పేరు పక్కన నిలబడతాయి. నలుగురి అక్షరాలూ వేరువేరు. పొలం, కుట్టు, పాలు, వీధి అన్నీ వేరువేరని సరిచూసుకున్న నాలుగు పంపులూ భూమి లోపల ఒకే తీగ మీద ఉన్నాయి. ఆ ముసలాయనను నలుగురిలో ఇద్దరు ఎన్నడూ చూడనైనా చూడలేదట.

చేలూరు మీదుగా వెళ్లే బస్సెక్కి ఆ ఊరు చేరాను. కుట్టుపని ఆమె తన ఇంటి గడప దగ్గరే నిలబడి మాట్లాడింది.

"కొద్దిసేపటి పనే కదమ్మా," అన్నాను. "చేతికి గ్లవ్సు ఉంటుంది."

"గ్లవ్సు చేతికి సార్. సూతకానికి కాదు."

"పుండు మళ్లీ పెరిగితే?"

"పెరుగుతాదని నాకు తెలీదా? నిద్ర పట్టలేదు సార్ నాకు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఒగమాట చెప్తాను, కోపం చేసుకోవద్దండి. మేము పోయి కట్టు కడతాము. అవ్వ ముసిలిది. ఈ నెల్లో పోతాదో, వచ్చే నెల్లో పోతాదో. ఎప్పుడు పోయినా, వీండ్లు సూతకం తెచ్చి ఇంట్లో పెట్టినారు, దానికే పోయింది అంటారు. మీరు చింతామణి బస్సెక్కి పోతారు. ఈ ఊరి బోరు కాడ నీళ్లు పట్టుకోవల్సింది మేము."

బాగేపల్లిలో నాకు తెలిసిన ఒక పురోహితుడికి అక్కడి నుంచే ఫోన్ చేశాను. రోగికి సేవ చేయడంలో దోషం లేదని, తిరిగి వచ్చి తలస్నానం చేస్తే చాలని ఆయన స్పష్టంగా చెప్పాడు. ఆ మాట ఆమెకు చేరవేశాను. సమస్య తీరిందనే అనుకున్నాను.

"ఆ స్వామి చెప్పింది నిజమే ఉండొచ్చు సార్," అంది ఆమె. "ఆయప్ప వచ్చి బోరు కాడ మా పక్కన బిందె పెట్టుకోని నిలబడతాడా?"

అక్కడి నుంచి పెద్దామె ఇంటికి వెళ్లాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను ఇంకా ఏమీ అడగకముందే మాట్లాడింది.

"వాండ్లని బలవంతం చేయొద్దప్పా. నా కొడుకు ఏమీ అనడు. ఊరు అంటాది." కొంచెం ఆగి, "ఊరు కూడా ఎందుకులే, నాకే మనసొప్పదు. చిన్నప్పటి నుంచి పాటించినాను. ఇప్పుడు ఒగ పుండు కోసరం వదిలేదా?" అంది.

ఎవరి దగ్గరా తప్పు కనబడలేదు. కనబడి ఉంటే సరిచేసే ప్రయత్నం చేసేవాణ్ణి.

ఇతర ఊళ్ల వాలంటీర్లలో చేయి తిరిగినవారు కొద్దిమందే. కైవారం నుంచి ఒకామె అడగ్గానే వచ్చింది. బస్సులు మారి మారి మిట్టమధ్యాహ్నానికి చేరి, కట్టు మార్చి, తిరిగి వెళ్లేసరికి ఆమె ఇంట్లో దీపాలు పెట్టారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మర్నాడు కూడా రమ్మంటే వచ్చేదే. వచ్చేదని తెలుసు గనకే అడగలేకపోయాను. అడిగితే కాదనలేని మనిషిని అడగకుండా ఉండటం కూడా నా పనిలో భాగమే. ఆ పూట ఆ పని నాకు ఏమాత్రం నచ్చలేదు. ఆశా కార్యకర్త ఒకరోజు వచ్చింది. ఆమె మీద అప్పటికే మూడు ఊళ్ల భారం ఉంది.

చివరికి మిగిలింది పెద్దామె కోడలు. ఇంట్లో వంట, అత్తకు స్నానం, భర్త కిరాణా అంగడిలో సాయం, అన్నీ ఆమే. కానీ పుండు చూస్తే కళ్లు తిరిగి పడిపోతుంది. ఒకసారి పడిపోయింది కూడా. అందుకే ఆ ఒక్క పనీ వాలంటీర్లకు వదిలారు.

"నాకు చెప్పండి సార్, నేను చేస్తాను," అంది. అప్పటికే పెదవులు తెల్లబడ్డాయి.

మర్నాటి ఏర్పాటు ఎవరు చేశారో చెప్పలేను. తనంతట అదే కుదిరింది. గదిలో అత్తాకోడళ్లు. వసారాలో వీధివైపు తిరిగి నేను. వీధికి అవతల, కరెంటు స్తంభం దగ్గర, కుట్టుపని ఆమె, పాడి ఆమె. వీధిలో నిలబడటానికి సూతకం అడ్డం కాదు. ఇంటి ముందుకు రావడానికే అడ్డం. వాళ్లు చెప్పింది గదిలోకి సరిగా వినిపించేది కాదు, గదిలోంచి వచ్చింది వాళ్లకు వినిపించేది కాదు. నేను మధ్యలో నిలబడి రెండువైపులా అందించాను.

"ఉప్పునీళ్లు ఆరినాయా అడగండి సార్!"

"నీళ్లు చల్లారాయా అమ్మా?"

"ఆరినాయి సార్."

"నడుమ నుంచి బయటికి కడగల్ల. బయట నుంచి లోపలికి కాదు!"

నేను అదే మాట లోపలికి చెప్పాను. పాలక్యాను సైకిలుకు కట్టుకుని వెళ్తున్న ఒకాయన ఆగి, ఒక కాలు నేల మీద ఆనించి వినసాగాడు. లోపలి నుంచి పెద్దామె గొంతు వచ్చింది.

"నా పుండు కథ ఊరంతటికీ చెప్తాండారే! టిక్కెట్టు పెట్టండప్పా, కట్టు బట్టలకన్నా వస్తాది."

పాలాయన నవ్వుతూ వెళ్లిపోయాడు. కోడలు నవ్వలేదు. ఆమె ఊపిరి పీల్చి వదలడం వసారాలోకి వినిపిస్తోంది.

"ఇప్పుడు ఆ పలచటి గాజుగుడ్డ పుండు లోపల పెట్టమనండి సార్. వదులుగా! గోనెలో మిరపకాయలు కుక్కినట్ల కుక్కొద్దని చెప్పండి."

"వదులుగా పెట్టండమ్మా," అన్నాను.

"వదులుగా అంటే ఎంత సార్?"

వదులుకు కొలత ఉంటుంది గానీ అది వేలికొసలో ఉంటుంది. వీధివైపు చూశాను. కుట్టుపని ఆమెకు నా ముఖం చూడగానే అర్థమైంది. తన కొంగును ఎడమ పిడికిట్లో గుంటలా చేసి, కుడిచేతి రెండు వేళ్లతో అందులోకి గుడ్డ అంచును నెమ్మదిగా దించి, ఆపి, ఇంత, అన్నట్టు చూపించింది. నాకు కనబడింది. గదిలో ఉన్న మనిషికి కనబడదు. ఆ చేతి కదలికను మాటల్లో పెట్టడానికి ప్రయత్నించాను: మెత్తగా, నొక్కకుండా, నిండీ నిండనట్టు. నేను వాడిన ప్రతి మాటా ముందటి మాటకన్నా పనికిరానిదైంది. లోపల ఏదో లోహపు పళ్లెం కింద పడింది. పెద్దామె మూలిగింది. "అయిపాయ అత్తా, అయిపాయ," అని కోడలు ఏడుస్తూ అంటోంది.

వెళ్లగలిగినప్పుడల్లా వెళ్లి ఇలాగే వసారాలో కూర్చున్నాను. వెళ్లలేని రోజుల్లో ఫోనులో చెప్పాను. కట్టుకన్నా కష్టమైంది పక్క మార్చడం. కదలికలేని శరీరం చాలా బరువు. నలుగురు ఉన్నప్పుడు ఇద్దరిద్దరుగా చేసేవారు. కొడుకు అంగడి మూసి మధ్యాహ్నం వచ్చేదాకా కోడలు ఒక్కతే పక్కకు తోసి దిండు పెట్టేది, దిండు జారిపోయేది.

నర్సు తన వారం ప్రకారం వచ్చింది. ఈసారి తెచ్చిన ప్లాస్టిక్ కాగితంలో గీత పాత గీతను దాటి బయటికి వెళ్లింది. అంతకన్నా ముఖ్యమైనది కాగితంలో లేదు. చర్మం కింద లోపలికి సొరంగంలా తెరుచుకుందట.

"కోడల్ని ఏమీ అనొద్దండి సార్," అని వాహనం ఎక్కుతూ చెప్పింది నర్సు. "భయపడి గట్టిగా కుక్కేసింది. గట్టిగా పెడితే తొందరగా మానుతాదనుకుంది."

కాగితాన్ని మడిచి పాత కాగితాల కట్టలో పెట్టాను.

తిథి ముగిసిన మర్నాడు నలుగురూ తలస్నానాలు చేసి, తడి జుట్లు ముడి వేసుకుని, ఒకేసారి వచ్చారు. వంతు ఇద్దరిదే అయినా నలుగురూ లోపలికి వెళ్లారు. వసారాలో నేను ఎదురుచూసింది ఆ నవ్వుల కోసం.

"వచ్చినావా గట్టిచెయ్యిదానా?"

పాత కట్టును పళ్లెంలో పడేసిన చప్పుడు వినిపించింది.

చాలాసేపటికి కుట్టుపని ఆమె బయటికి వచ్చి, తొట్టి దగ్గర సబ్బు రుద్ది చేతులు కడుక్కుంది. కడుక్కున్న చేతులనే మళ్లీ కడుక్కుంది.

"కాగితం?" అని అడిగాను.

"ఈ పొద్దు గీయలేదు సార్. అంచు యాడుండాదో తెలీలేదు."

కోడలు వాకిట్లో నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. కుట్టుపని ఆమె తడిచేతులతోనే వెళ్లి ఆమె భుజం పట్టుకుంది. "తప్పు నీది కాదు. నువ్వు చేసినావు. మేము వీధిలో నిలబడినాము," అంది. నా పని వాలంటీర్లకు ధైర్యం చెప్పడం. ఆ రోజు వాళ్లకు ధైర్యం వాళ్లే చెప్పుకున్నారు.

మళ్లీ ఇలా జరగకూడదని పూనుకున్నాను. ఇకపై ప్రతి ఇంటికీ కనీసం రెండు వంశాలవారు ఉండాలి. ఆ ఊళ్లోనే కొత్తవాళ్ల కోసం పాల డెయిరీ గదిలో సమావేశం పెట్టాను. చాలామంది ఆడవాళ్లు వచ్చారు. పని నేర్పే తరబేతి ఎన్ని రోజులు, యాడ, అని ఆసక్తిగా అడిగారు. అన్నీ చెప్పి, నా కొత్త ప్రశ్న వేశాను. ఎవరెవరి ఇంట్లో మరణం సంభవిస్తే మీకు సూతకం వస్తుంది?

ముందు వరుసలోని ఒకామె చెంగు దోపుకుంది.

"ఏం సార్, మంచిపని చేస్తామని వస్తే, ఎవురెవురు చస్తారో చెప్పమంటాండారే?"

"అలా కాదమ్మా. మీకు దాయాదులు ఎవరో చెబితే చాలు."

అది ఇంకా పెద్ద పొరపాటైంది. "ఆ మూలింటోళ్లు మాకు దాయాదులే కాదు. కోర్టులో ఉండాము," అంది ఒకామె.

"కోర్టులో ఉంటే సూతకం రాదా?" అని వెనకనుంచి ఇంకొకామె.

"నీకు వస్తే నువ్వు పట్టుకో."

కొందరు నవ్వారు. చెంగు దోపుకున్న ఆమె నవ్వలేదు. బతికున్న మనుషుల పేర్లు చావు కోసం నోట పలికేది తమ ఇళ్లలో లేదని చెప్పి లేచింది. ఆమె వెంట ఆమె వీధివాళ్లు, వాళ్ల వెనక మిగతావాళ్లు. తలుపు దగ్గర చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఒకామె మర్యాదగా, "మళ్లా చూద్దాము సార్," అంది. నాకు కావలసిన సమాచారం ఆ గదిలోనే ఉంది. అడిగే మార్గం లేదు. వంశాల సంగతి మా నలుగురు వాలంటీర్లకూ తెలుసు. కానీ పేర్లు చెబితే ఆ ఇళ్లకు తాము చావు కోరినట్టవుతుందని వాళ్లూ చెప్పలేదు.

ఆ కబురు నాకన్నా ముందే పెద్దామె మంచం దగ్గరికి చేరింది. మర్నాడు నేను వెళ్లేసరికి లోపల కట్టు కడుతున్నారు. ఇప్పుడు ఆ గదిలోంచి వాసన వసారాదాకా వస్తుంది. పుండు మానడం గురించి నర్సు మాట్లాడటం మానేసింది. నొప్పి తగ్గించే మందు గురించి మాట్లాడుతుంది.

"ఏమప్పా, డెయిరీ కాడ అందరి చావులూ అడిగితివంట!" గొంతు సన్నబడింది గానీ వెటకారం తగ్గలేదు.

నేను వీధివైపే చూస్తూ కూర్చున్నాను.

"నన్ను అడుగు, నేను చెప్తాను. నేను పోతే సూతకం మా ఇంట్లో వాండ్లకే, మా గాజులోళ్ల దాయాదులకే. నీ నలుగురికీ ఏమీ లేదు. సాగనంపొచ్చి తలమింద నీళ్లు పోసుకుంటే సరి. మర్నాడే ఇంగో ఇంటికి పంపుకో."

"నోరు మూసుకోని కదలకుండా పడుకో అవ్వా," అంది కుట్టుపని ఆమె. "గుడ్డ పెడతాండాను."

"ఎంత వదులుగా?" అంది పెద్దామె.

లోపల ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. కోడలు వాకిలి దాటి వచ్చి, వాడేసిన గుడ్డలున్న పళ్లేన్ని నాకు కనబడకుండా రెండోవైపు పట్టుకుని, దొడ్లోకి వెళ్లింది. మధ్యాహ్నం కట్టుకు కాచిన ఉప్పునీళ్ల గిన్నె వసారా గట్టు మీద చల్లారుతోంది. దాని మీద ఈగ వాలకుండా నేను మూత సర్దాను.